గుండుకు బిగించిన తీగ

ఆదోనిలో పెళ్లయినా, ఎమ్మిగనూరులో జాతరయినా, తిమ్మయ్య ఆర్కెస్ట్రా వేదికెక్కిందంటే వెనక వరసలో ఎడమ చివర సుధాకర్ ఉండేవాడు. పొడుగు మనిషి, కాస్త వంగి నిలబడతాడు. బేస్ గిటారును పొట్టకు ఆనించుకొని, కళ్లు మూసుకొని వాయించుకుంటూ పోయేవాడు. ఆ గిటారుకు నాలుగే తీగలు, నాలుగూ లావే. రాగం పలికించే పని దానిది కాదు. పాట అడుగున దుమ్ముదుమ్ముమని నడిచే పని దానిది. పాడేవాళ్లకు చప్పట్లు పడేవి, డ్రమ్ములు కొట్టేవాడికి ఈలలు పడేవి. సుధాకర్ వైపు ఎవరూ చూసేవారు కాదు. చూడకపోయినా ఫరవాలేదనుకునేవాడు. ఇల్లు బాగుందంటారు గానీ పునాది బాగుందని ఎవరైనా అంటారా అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. పగలు మైకుసెట్ల దుకాణంలో రిపేర్లు, పిలుపొస్తే సాయంత్రం ప్రోగ్రాం. ముప్పై దాటేదాకా అతని బతుకు అట్లాగే హాయిగా గడిచిపోయింది.

పత్తి తీతలు మొదలయ్యే రోజుల్లో ఒక సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక తిమ్మయ్య అతన్ని పక్కకు పిలిచాడు. తిమ్మయ్య మంచివాడే. అందరికీ టీ తానే పోస్తాడు, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఇంటికి పోయి పలకరిస్తాడు. అటువంటివాడు మొహం చూడకుండా మాట్లాడుతుంటే సుధాకర్‌కు అప్పుడే అనుమానం వచ్చింది.

"సుధాకరా, ఒక మాట సెప్తా, మనసులో పెట్టుకోవద్దు."

"సెప్పన్నా."

"ఈ సీజనుకు బేస్ కూడా కీబోర్డులోనే కొట్టించుకుంటామప్పా. ఆ కీబోర్డు పిల్లోడు ఎడమచేత్తోనే అంతా నడిపిస్తాండాడు. నీ వాయింపు బాగల్యాదని కాదు. మొన్న పెళ్లికి నువ్వు జొరమొచ్చి రాల్యా గదా..."

"ఊఁ."

"నువ్వు రాల్యాదని ఒక్కరన్నా అడగల్యా. వాళ్లదాకా యాల, ప్రోగ్రాం అయిపోయి సామాన్లు కట్టేదాకా నాకే గుర్తు రాల్యా."

తిట్టి ఉంటే సుధాకర్ తట్టుకునేవాడు. ఈ మాట మాత్రం ముల్లులా లోపలికి దిగి విరిగిపోయింది. గిటారు భుజాన వేసుకొని, కొండల వైపు మబ్బు ఎర్రబడుతుంటే చూస్తూ, మార్కెట్ యార్డు పక్కనుంచి నడుచుకుంటూ ఇంటికి పోయాడు. పోగానే గిటారు తీసి, అన్నిటికంటే లావు తీగను ఒకసారి మీటి ఊరకే విన్నాడు. గుమ్మని లేచింది. లేచినంతసేపు నిలవలేదు. ఎండలో పడ్డ నీటిచుక్కలా ఇంకిపోయింది. ఇన్నేళ్లుగా అది అంత తొందరగా చచ్చిపోతోందని ఆ పొద్దే మొదటిసారి గమనించినట్టనిపించింది. తప్పు తనది కాదు, గిటారుది. అట్లా అనుకుంటే మనసు కొంచెం తేలికయింది.

గిటారును తిప్పి తిప్పి చూశాడు. తీగలు కింద ఒకచోట ఒక రేకు మీద ఆనుకొని ఉంటాయి. దాన్ని బ్రిడ్జి అంటారు. వీణకు గుర్రం ఎట్లాగో గిటారుకు అది అట్లాగ. అతని గిటారుకున్న బ్రిడ్జి మడతపెట్టిన పల్చటి ఇనుపరేకు, అంచుల్లో తుప్పు. ఫోనులో వెతికితే, ఆ రేకు తీసి బరువైన ఇత్తడి బ్రిడ్జి వేస్తే స్వరం మారిపోతుందని ఒట్టేసి చెప్పేవాళ్లు కనబడ్డారు. స్వరం లావవుతుందట, ఎక్కువసేపు నిలుస్తుందట. అదంతా ఉత్తమాట, చెవి మోసం అని నవ్వేవాళ్లూ కనబడ్డారు. దేశదేశాల వాళ్లు ఈ ఒక్క ఇనుపముక్క కోసం ఏళ్లతరబడి కొట్లాడుకుంటున్నారు. సుధాకర్ తనకు కావలసిన వాళ్ల మాట నమ్మాడు.

జిన్నింగు మిల్లుల యంత్రాలకు విడిభాగాలు చేసే లేత్ షాపు ఒకటుంది. అక్కడ లక్ష్మప్ప అనే ముసలి పనివాడు. సుధాకర్ పోయి "బ్రిడ్జి చేసియ్యాల లక్ష్మప్పన్నా" అంటే ఆయన కళ్లజోడు పైకి నెట్టి ఎగాదిగా చూశాడు.

"బ్రిడ్జా? తుంగభద్ర మీదనా?"

"కాదన్నా, దీనికి" అని గిటారు చూపించాడు.

లక్ష్మప్ప నవ్వీ నవ్వీ, దగ్గీ, చివరికి కొలతలు తీసుకున్నాడు. రెండురోజుల తర్వాత పోతే దిమ్మెలాంటి ఇత్తడి బ్రిడ్జి సిద్ధంగా ఉంది. చేతిలో పెట్టుకుంటే గుళ్లో ఉత్సవ విగ్రహాన్ని పట్టుకున్నట్టు అరచేయి కిందికి దిగింది. ఇంటికి తెచ్చి బిగించి, తీగ మీటాడు. ఇల్లు దద్దరిల్లినట్టయింది. అంత గొప్పగా ఉంది. వెంటనే ఎమ్మిగనూరు బస్సెక్కాడు, వాళ్లక్కకు వినిపించాలని.

అక్క పేరు మల్లేశ్వరి. ఎమ్మిగనూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. మెట్టినిల్లు చేనేత వాళ్లది. ముందుగదిలో మగ్గం, నడవలో పడుగు, ఎక్కడ చూసినా నూలు. చిన్నప్పటినుంచి ఆమె పద్ధతి ఒకటే. ఎవరేం చెప్పినా "ఔనా, చూద్దాం పా" అంటుంది. నమ్మదు, కొట్టిపారెయ్యదు. తమ్ముడు గిటారు మీటి, మొహం వెలిగిపోతుంటే చూసి, ఆ మాటే అంది.

"చూసేదేముందక్కా! నీకు వినపడతాండ్లా?"

"వినపడతాంది. పాతదాంట్లో ఎట్ల వినపడతాండెనో నాకు గుర్తు లేదు గదరా. నీకు మాత్రం గుర్తుండాదా? పాత రేకు తెచ్చినావా?"

తెచ్చాడు, సంచిలో ఉంది. ఆ ఆదివారమంతా అక్కాతమ్ముళ్లు అదే పని. రేకు బిగించి మీటడం, ఫోనులో రికార్డు చెయ్యడం. ఇత్తడిది బిగించి మీటడం, మళ్లీ రికార్డు చెయ్యడం. తీగ మార్చలేదు, మీటే చోటు మార్చలేదు. తర్వాత మల్లేశ్వరి వాటిని కలగాపులగం చేసి, ఏది ఏదో చెప్పకుండా తమ్ముడికి ఒక్కొక్కటే వినిపించింది. సుధాకర్ మొదట ధీమాగా చెప్పాడు. ఇది ఇత్తడి, ఇది రేకు. నాలుగైదు అయ్యేసరికి గొంతు తగ్గింది. ఆపైన చెవి దగ్గర ఫోను పెట్టుకొని కళ్లు గట్టిగా మూసుకొని విన్నా తేల్చుకోలేకపోయాడు. చివరికి ఆమె విప్పి చెబితే, సగం తప్పు. బొమ్మాబొరుసు వేసినా అన్ని ఒప్పులు వచ్చి ఉండేవి.

ఆమె కూడా విని చూసింది. ఆమెకూ తెలియలేదు.

"అయితే అంతా అబద్ధమేనా?" అన్నాడు సుధాకర్.

"అబద్ధం అనొద్దు. ఇదో, ఫోనులో ఈ చప్పుడు గీసిన గీతలు చూడు. ఇత్తడిది రవ్వంత ఎక్కువసేపు నిలిచింది. నీ చెవికి, నా చెవికి అందేంత కాదు, అంతే."

"అంత బరువు పెట్టినా?"

"బ్రిడ్జి ఒక్కటే బరువైతే ఏం లాభంరా. తీగ ఊగితే ఆ ఊపు బ్రిడ్జిలోంచి చెక్కలోకి పోతాది, మెడలోకి పోతాది, నీ పొట్టలోకి పోతాది. అన్నీ తలా కొంచెం తినేస్తాయి. అందుకే చస్తాది."

సుధాకర్ ఇత్తడి బ్రిడ్జిని చేతిలో తిప్పి చూశాడు. ముందుగదిలో మగ్గం ఆగింది. బావ పోగు నడిపే నాడె పక్కన పెట్టి వీళ్ల మాటలే వింటున్నాడు.

"ఏదీ తినకుంటే ఎట్లుంటాదక్కా?"

మల్లేశ్వరి నవ్వింది. "ఏదీ తినకుండా ఉండాలంటే పోయి కొండకు బిగించుకో."

ఆమె నవ్వులాటకే అంది. అతను నవ్వలేదు. ఆ రాత్రి ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చొని, చీకట్లో నల్లగా కదిలిపోతున్న రాతిగుండ్లను చూస్తూ పోయాడు.

మారెప్ప అతనితో బడిలో చదువుకున్నవాడు. ఇప్పుడు రాతిక్వారీలో డ్రిల్లింగ్ పని చేస్తాడు. ఆదోని నుంచి ఆస్పరి పోయే దావలో వాళ్లకు కొంచెం నల్లరేగడి చేను ఉంది, పత్తి పెట్టారు. ఆ చేనికి నడుమ ఒక గుండు. ఇల్లంత గుండు కాదు, రెండిళ్లంత గుండు. మారెప్ప తాత దాని చుట్టూ మడక తిప్పాడు, తండ్రి తిప్పాడు, ఇప్పుడు మారెప్ప ట్రాక్టరు తిప్పుతున్నాడు. దాన్ని తిట్టకుండా వాళ్లకు ఏ పంటా ఇంటికి రాలేదు.

సుధాకర్ సంగతి చెప్పేసరికి మారెప్ప తలగోక్కున్నాడు. "గుండుకు గిటారు తీగ కట్టాల్నా? పిచ్చి గానీ పట్టలేదు గదా నీకు?"

"పట్టిందనుకో. రంధ్రాలు వేస్తావా లేదా?"

"దాన్ని పేల్చేద్దామని ఎన్నిమార్లు అనుకున్న్యానో. రెండు బొక్కలు వేసేదానికి నాకేం నొప్పి? రా."

తరువాతి ఆదివారం పొద్దున మల్లేశ్వరి ఎమ్మిగనూరు నుంచి బస్సు దిగింది. నవ్వులాటకన్న మాట ఇంతదాకా వచ్చిందని లోపల సిగ్గుగా ఉన్నా, చూడకుండా ఉండలేకపోయింది. ముగ్గురూ ఆటోలో సామాన్లు వేసుకొని చేనికి పోయారు. చేనంతా తెల్లగా విచ్చుకొని ఉంది. కూలి ఆడవాళ్లు నడుముకు గుడ్డసంచులు కట్టుకొని సాళ్ల వెంబడి వంగి పత్తి తీస్తున్నారు. గుండు మీదికి ఎక్కుతున్న ముగ్గురినీ తలలెత్తి చూసి, ఏదో అనుకొని నవ్వుకొని, మళ్లీ వంగారు.

మారెప్ప చిన్న జనరేటరు ఆడించి, గుండు వీపు మీద రంధ్రాలు తొలిచాడు. రాతిపొడి లేచి ముగ్గురి మొహాలూ తెల్లబడ్డాయి. బోల్టులు దిగ్గొట్టారు. ఒక కొసన లక్ష్మప్ప చేసిన ఇత్తడి బ్రిడ్జిని రాతికి బిగించారు. ఇంకో కొసన ఇనుప కమ్మీకి, ఏదో పగిలిపోయిన గిటారు నుంచి తీసిన బిగింపు కీ. నడుమ సుధాకర్ గిటారు నుంచి విప్పిన లావు తీగ. తీగ కింద అదే పగిలిన గిటారు నుంచి తీసిన పికప్పు. తీగ ఊపును పట్టుకొని స్పీకరుకు పంపేది అదే. స్పీకరు బ్యాటరీది, దుకాణం నుంచి అడిగి తెచ్చింది.

స్పీకరు కలపకముందే ఆత్రం ఆగక సుధాకర్ తీగను మీటాడు.

ఏమీ లేదు. నిజంగా ఏమీ లేనట్టే. ఈగ రెక్క కొట్టుకున్నట్టు సన్నగా ఏదో, అంతే. కళ్లకు మాత్రం తీగ మసకమసకగా ఊగుతూ కనిపిస్తోంది.

మారెప్ప పగలబడి నవ్వాడు. "దీనికంటే మా ఇంట్లో దోమ మేలప్పా!"

సుధాకర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కొండ మొత్తం తన వెనక నిలబడితే స్వరం ఉరుములా పుడుతుందని అతను కల కన్నాడు. మల్లేశ్వరి అతని పక్కన గొంతుక్కూర్చుంది.

"ఇట్లనే ఉండాల్రా. తీగ ఒక్కటే గాలిని ఎంత కదపగలదు? గిటారులో గొంతు ఇచ్చేది చెక్క. తీగ దగ్గర తీసుకొని మనకిస్తాది. ఈ రాయి ఏమీ తీసుకోదు, అందుకే ఏమీ ఇయ్యదు."

"మరి అది యాడ పోతాంది?"

"యాడికీ పోల్యా. చూడు, ఇంకా ఊగుతానే ఉండాది."

అతను చూశాడు. తీగ ఇంకా మసకగానే ఉంది. తన గిటారు మీద అయితే ఎప్పుడో నిలిచిపోవలసింది. దాన్ని వేలితో ఆపి, స్పీకరు వైరు కలిపి, మళ్లీ మీటాడు.

ఆ స్వరం అదాటున లేవలేదు. గిటారులో ఉండే మొదటి దెబ్బ, ఆ గుమ్మనే దుడుకు, ఇందులో లేదు. నీళ్లు నిండిన బావిలోంచి చల్లదనం వచ్చినట్టు నిదానంగా, నిండుగా వచ్చింది. వచ్చి నిలబడింది. సుధాకర్ అలవాటు కొద్దీ అది చచ్చేచోటు కోసం ఎదురుచూశాడు. అది చావలేదు. చేను మీదుగా పోయింది, పత్తిసాళ్ల మీదుగా పోయింది, ఆస్పరి దావలో పోతున్న లారీ చప్పుడు వచ్చి దాన్ని మింగి పోయినా, లారీ వెనకాల అది మళ్లీ అట్లాగే ఉంది. మారెప్ప చెంబెత్తి నీళ్లు గటగటా తాగాడు. మూతి తుడుచుకున్నాడు. చెంబు కింద పెట్టాడు. ఇంకా ఉంది. సన్నబడుతోంది, కానీ ఎక్కడ ఆగిందో చెప్పలేనట్టు సన్నబడుతోంది. ఆగిపోయిందనుకున్నాక కూడా ముగ్గురూ ఊపిరి బిగబట్టుకొనే ఉన్నారు, ఉందేమోనని.

సుధాకర్ చేతుల మీద వెంట్రుకలు నిలబడి ఉన్నాయి. పదేళ్లుగా తను రోజూ మీటిన తీగే అది. దాని సొంత గొంతు ఏదో అతను ఇంతదాకా వినలేదు. చెక్క తిన్నంత తినగా మిగిలిన ముక్కనే స్వరం అనుకొని బతికాడు.

మళ్లీ మీటాడు. ఈసారి మారెప్ప చెమట ఆర్చుకుందామని గుండు దిగి అవతలి పక్కన నీడలోకి పోయాడు. పోయి వీపు ఆనించి నిలబడ్డాడేమో, ఒక్కసారిగా కేక పెట్టాడు.

"ఒరేయ్ సుధా! లోపల ఉండాదిరా!"

"ఏం?"

"రాయి లోపల! చెవి పెట్టి చూడు, లోపల ఎవరో ఉండారు!"

మల్లేశ్వరి పరుగున దిగింది. గుండు అవతలి వైపు, స్పీకరు గానీ తీగ గానీ కనబడని చోట, ఎండకు కాగిన రాతికి చెంప ఆనించింది. సుధాకర్ స్పీకరు ఆపేసి, ఉత్త తీగను మీటాడు. పైన అతనికి ఈగ రెక్క చప్పుడే. కింద ఆమె కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యెత్తి, మాట్లాడొద్దన్నట్టు ఊపింది. ఆ తర్వాత సుధాకర్ దిగి వచ్చి చెవి పెట్టాడు, మారెప్ప పైకెక్కి మీటాడు. ఎంతో దూరం నుంచి, ఎంతో లోతు నుంచి, ఆ నల్లటి రాతి కడుపులోంచి తన తీగ వినబడింది. బయట గాలికి అందని చప్పుడు, రెండిళ్ల మందం రాయిని దాటి ఈ కొసకు వచ్చి అతని దవడ ఎముకలో మోగింది. తాతల కాలం నుంచి ఇంత పెద్ద రాయి ఇక్కడ చెవుల్లేనట్టు, నోరు లేనట్టు పడి ఉంది. దానికి ఒక వేలిమీటు అందింది. అందడమే కాదు, తన ఒళ్లంతా మోసుకొని తిరిగింది.

కూలి ఆడవాళ్లు వచ్చారు. పని ఆపి వచ్చినందుకు మారెప్ప ఏమీ అనలేదు. ఒక్కొక్కరే చెవి ఆనించి, "అమ్మో" అని ఒకరు, "అమ్మవారుండాదే ఇందులో" అని ఒకరు, చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఒకరు. అందరికంటే పెద్దది ఉచ్చీరమ్మ. పత్తి తీసేటప్పుడు పాట ఎత్తేది ఎప్పుడూ ఆమే, మిగతావాళ్లు అందుకుంటారు. ఆమె చెవి ఆనించి చాలాసేపు ఉంది. మిగతావాళ్లలా బెదరలేదు. తర్వాత సుధాకర్‌ను అడిగింది.

"అప్పా, ఆ పెట్టెలో గూడా పలుకుతాది గదా ఇది?"

"పలుకుతాదవ్వా."

"పెట్టు. పెట్టి రవ్వంత దించు. నాకు అంత పైకి ఎగరదు."

అతను అర్థం కాక చూశాడు. అంతలోనే అర్థమైంది. ఆమె శ్రుతి అడుగుతోంది. గుండెక్కి, స్పీకరు పెట్టి, మీటి, కీని కొంచెం వదులు చేశాడు.

"ఇంగ రవ్వంత."

ఇంకా వదులు చేశాడు.

"ఊఁ. ఆడ నిలుపు."

అతను చెయ్యి తీసేశాడు. స్వరం చేను మీద పరుచుకుంది. ఉచ్చీరమ్మ పత్తి సంచి నడుముకు ఉండగానే, గుండుకు ఒక చెయ్యి ఆనించి, ఎత్తుకుంది.

*నల్లరేగడి తల్లి నవ్వితే పూసె*
*తెల్లారకముందె తెల్లని పువ్వు*

ముసలి గొంతు, అంచుల్లో జీర. రోజూ వందమంది వినే పాటే. కానీ ఈసారి ఆ గొంతు కింద నేల ఉంది. ఆమె ఎక్కడికి పోయినా, ఎంత పైకి ఎత్తినా, తిరిగి వచ్చి నిలబడే చోటు ఒకటి అడుగున పరుచుకొని ఉంది. చరణం పొడుగునా ఊపిరి లాగి, వదిలి, ఆమె మళ్లీ మొదటికి వచ్చేదాకా ఒక్క మీటు నిలిచింది. అది సన్నబడుతుంటే సుధాకర్ ఇంకోసారి మీటాడు. అంతకంటే అతను చెయ్యవలసిందేమీ లేదు. వేళ్లు పరిగెత్తించే పని లేదు, తాళం లెక్క లేదు. రెండో చరణానికి ఆడవాళ్లందరూ అందుకున్నారు. అంతమంది గొంతులు ఆ ఒక్క స్వరం మీద ఒక్కటిగా కూర్చున్నాయి. మారెప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియదు.

పాట అయ్యాక ఉచ్చీరమ్మ రాతిని అరచేత్తో ఒకసారి నిమిరి, సాల్లోకి పోయి వంగింది.

మల్లేశ్వరి గుండు నీడలోనే కూర్చుండిపోయింది. సుధాకర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేను ఇది ఏటా పిల్లలకు చెప్తాండా" అంది ఆమె. "బోర్డు మీద తీగ గీస్తా, రెండు కొసలా గోడలు గీస్తా. గోడలు అస్సలు కదలవు అనుకోండి పిల్లలూ అంటా. అనుకోండి అనేది, అంతేరా. అట్లాంటి గోడ ఉంటాదని నేనెప్పుడూ అనుకోల్యా."

ఆ పొద్దు ఆమె ఎమ్మిగనూరు బస్సు తప్పిపోయింది. దాని తర్వాతి బస్సు కూడా తప్పిపోయింది.

తిమ్మయ్య సుధాకర్‌ను మళ్లీ పిలవలేదు. ఆర్కెస్ట్రాలో కీబోర్డే బేస్ వాయిస్తోంది, జనం ఊగుతూనే ఉన్నారు. సుధాకర్ మొదట్లో ఆ పాటలు దూరం నుంచి వినబడితే దావ మార్చుకొని పోయేవాడు. మెల్లగా అది మానేశాడు. గిటారుకు పాత రేకునే మళ్లీ బిగించాడు. ఇత్తడిది గుండు మీదే ఉండిపోయింది. రేకుకు, ఇత్తడికి తేడా ఎంతని ఎవరైనా అడిగితే, "ఉండాది, కానీ దానికోసం కొట్లాడుకునేంత కాదు" అంటాడు. శివరాత్రి ముందర ఉచ్చీరమ్మ వాళ్ల ఊరి భజన గుంపు దేవనకొండకు పోతూ అతన్ని రమ్మంది. హార్మోనియం పాడైపోయిందట, శ్రుతికి ఎవరూ లేరట. పోయాడు. గిటారు ఒళ్లో పెట్టుకొని, తీగ చచ్చేలోపు మళ్లీ మీటుతూ, ఎక్కడా ఖాళీ రానియ్యకుండా, రెండు తీగల మీద పొద్దుపోయేదాకా కూర్చున్నాడు. ఏ పాటలోనూ అతనిది ఒక్క వరుసైనా లేదు. అయినా నడుమలో ఒకసారి నీళ్లు తాగడానికి చెయ్యి తీస్తే పాడేవాళ్లందరూ ఒక్కసారిగా తిరిగి చూశారు. అప్పటినుంచి ఆ గుంపుతోనే పోతున్నాడు.

మల్లేశ్వరి ఏటా పిల్లల్ని బస్సులో తీసుకొస్తానంది. మొదటి గుంపు వచ్చింది కూడా. చెవులు ఆనించి, కిచకిచలాడి, తర్వాత గమ్మున అయిపోయి, పోయేటప్పుడు ఎవరూ సెల్ఫీలు కూడా తీసుకోలేదని ఆమె ఆశ్చర్యంగా చెప్పుకుంది. మారెప్ప గుండును తిట్టడం మానేశాడని కాదు. ట్రాక్టరు తిప్పుతున్నప్పుడు తిడతాడు.

ఆషాఢం వచ్చింది. సీమలో ఆషాఢ గాలి మామూలు గాలి కాదు. రెక్కపట్టి ఈడ్చినట్టు పడమటి నుంచి రోజుల తరబడి ఒకే ఊపున కొడుతుంది. చేన్లు ఖాళీగా, విత్తనానికి వాన కోసం చూస్తూ ఉన్నాయి. ఒక మధ్యాహ్నం దుకాణంలో సుధాకర్ ఫోను మోగింది. ఉచ్చీరమ్మ. వెనకాల గాలి హోరు.

"అప్పా, నువ్వు గుండుకాడ ఉండావా?"

"ల్యా అవ్వా, ఆదోనిలోనే ఉండా. యాల?"



"నేను మేకల్ని తోలుకొని ఈడికి వస్తి. ఊరికే చెవి పెడితి" అంది ఉచ్చీరమ్మ. "నువ్వు ల్యాకుంటే ఎవరప్పా మరి వాయిస్తాండేది?"

సుధాకర్ బండి తీశాడు. అక్కకు ఫోను చేస్తే, క్లాసు అయిపోతూనే వస్తానంది. గాలికి బండి పక్కకు నెట్టుకుపోతుంటే, కళ్లలో దుమ్ము పడుతుంటే, హ్యాండిలు గట్టిగా పట్టుకొని చేనికి చేరాడు. గుండు మీద ఎవరూ లేరు. తీగ ఒక్కటే ఉంది, కొంచెం తుప్పు పట్టి, గాలికి అడ్డంగా. దూరం నుంచి చూస్తే నిశ్చలంగానే ఉంది. దగ్గరికి పోతే మసకమసకగా ఉంది.

గుండు అవతలికి, గాలి సోకని వైపుకు పోయాడు. ఉచ్చీరమ్మ అక్కడే మేకల నడుమ నిలబడి ఉంది. అతన్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. అతను చెవి ఆనించాడు.

తను ఎన్నడూ మీటని స్వరం. తన తీగదే, కానీ తను పలికించగలిగినదానికంటే ఎంతో పైన, సన్నగా, అద్దంలా. గాలి ఊపు తగ్గితే ఒక మెట్టు దిగింది, పెరిగితే రెండు మెట్లు ఎగిరింది. ఆగలేదు. మొదలెక్కడో లేదు. ఎప్పటినుంచి ఇట్లా పాడుతోందో! గాలి మొదలైన రోజునుంచా? రాత్రుళ్లు కూడానా? ఎవరూ వినకుండానే ఇంతసేపూ?

మల్లేశ్వరి వచ్చేసరికి ఎండ వాలింది. జడ ఊడిపోయి, కొంగు నడుముకు బిగించుకొని, రొప్పుతూ వచ్చి రాతికి చెంప ఆనించింది.

"ఇది... గాలి తీగను దాటేటప్పుడు వెనకాల సుడులు లేస్తాయి, అవే తీగను..." అని మొదలుపెట్టింది. అంతలో పెద్ద ఊపొకటి వచ్చింది. రాతి లోపల స్వరం విరిగి, రెండై, పైకి, ఇంకా పైకి పోయింది. ఆమె మాట అక్కడే నిలిచిపోయింది. చెంప రాతి మీదనుంచి తియ్యకుండానే చెయ్యి చాపి, తమ్ముడి మణికట్టును గట్టిగా పట్టుకుంది.